అత్తమ్మ మోకాళ్లకు నీలగిరి, పుదీనా తైలాలు రాస్తున్నా: కొనసాగించాలా, ఆపాలా?

చండూరు కోడలు
మా అత్తమ్మకు 58 ఏళ్లు. పత్తి ఏరే రోజుల్లో సాయంత్రం వచ్చి మంచం మీద కూర్చుంటే, మళ్లీ లేవడానికి మంచం పట్టె పట్టుకుని రెండుసార్లు ముందుకూ వెనక్కీ ఊగాలి. రెండు నెలల కింద ఆన్‌లైన్‌లో నీలగిరి తైలం, పుదీనా తైలం, లావెండర్ తెప్పించాను. నువ్వుల నూనెలో కలిపి రాత్రిపూట పది నిమిషాలు మోకాళ్లకు, పిక్కలకు మర్దన చేస్తున్నా. రాసిన రోజు కంటినిండా నిద్రపోతోంది. "ఇయ్యాల జర నయమున్నది బిడ్డా" అంటుంది. మా ఆయనేమో వేలెడంత సీసాలకు తొమ్మిది వందలు పోశావు, వాసన తప్ప అందులో ఏముంది అంటాడు. రోజూ ఇదే గొడవ. వాడినవాళ్లు, విషయం తెలిసినవాళ్లు చెప్పండి.

మందుల షాపు, నాగర్‌కర్నూల్
మీ ఆయన మాటలో సగమే నిజం అక్కా. పుదీనా తైలంలోని మెంథాల్ చర్మాన్ని చల్లబరచదు, చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసలను తట్టి లేపుతుంది. ఆ చల్లని కబురు మెదడుకు చేరుతున్నంతసేపు నొప్పి కాస్త వెనక్కి పోతుంది. మనం చిన్నప్పటి నుంచి నడుముకు రాసుకుంటున్న బామ్‌లలో ఎక్కువగా ఉండేవి కూడా మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలమే. కాబట్టి వట్టి వాసన అనలేం. కానీ మోకాలి లోపల గుజ్జు అరిగితే దాన్ని ఏ తైలమూ తిరిగి తేలేదు. కాసేపు హాయిగా ఉంటుంది, అంతే. ఆ హాయి చిన్న బామ్ డబ్బాతో వస్తుంటే తొమ్మిది వందలు ఎందుకు?

అరుగుదల నొప్పే అయితే పైన రాసుకునే నొప్పి మందు డైక్లోఫెనాక్ జెల్‌కు ఉన్న రుజువు చాలా గట్టిది. తైలాల మీద జరిగిన పరీక్షలు ఎక్కువగా చిన్నవి. పైగా వాసన దాచలేం కదా, తమకు రాసింది అసలు తైలమో కాదో మనిషికి వెంటనే తెలిసిపోతుంది. నమ్మకంతో తగ్గిందెంత, తైలంతో తగ్గిందెంత అని విడదీయడం కష్టం.

దేవరకొండ పెద్దాయన
తమ్ముడూ, జెల్ దాకా బాగానే చెప్పావు. కానీ మా ఊళ్లో జరుగుతున్నది వేరు. చీటీ లేకుండా షాపుల్లో నొప్పి బిళ్లలు కొనుక్కుని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఏళ్ల తరబడి మింగుతున్నారు. కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం ఆ బిళ్లలతోనే కదా! ఒక పూట బిళ్ల బదులు నూనె రాసుకుంటే నష్టమేంటి?

మా అమ్మ నాట్లేసి వస్తే వావిలాకు వేసి కాచిన నీళ్లు నడుం మీద పోసేవాళ్లం. జిల్లేడాకుకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చజేసి మోకాలికి కట్టేవాళ్లం. అప్పట్లో మా చెలకల్లో ఆముదం చెట్టు లేని రైతు లేడు. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికిస్తే పైకి తేలేది నూనె. ఆ పనంతా చేసి, పక్కన కూర్చుని కాళ్లు ఒత్తే మనిషి ఉండటమే సగం మందు. చండూరు బిడ్డా, నువ్వు చేస్తున్నది అదే. మానకు.

వనపర్తి అక్క
పెద్దాయనా, నష్టమేంటి అన్నారు కాబట్టి నాకు జరిగింది చెప్తాను. ఎవరో చెప్తే వింటర్‌గ్రీన్ తైలం తెప్పించాను. నడుం పట్టేసిన రోజు ఏ నూనెలోనూ కలపకుండా నేరుగా రాసుకుని, పైన వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని పడుకున్నా. ఎంత రాస్తే అంత తగ్గుతుందనే అనుకున్నా. మొదట వెచ్చగా, తర్వాత మంట. మందు పని చేస్తోందేమో అని ఓర్చుకున్నా. లేచి చూసుకుంటే నడుం మీద రూపాయి బిళ్లంత బొబ్బలు మూడు. జాకెట్ అంచు తగిలితే ప్రాణం పోయేది. మచ్చలు ఇంకా ఉన్నాయి. నేరుగా రాయొద్దని ఆ సీసా మీద ఒక్క ముక్క లేదు. నాకు అసలు కోపం అక్కడే.

మందుల షాపు, నాగర్‌కర్నూల్
అక్కా, వింటర్‌గ్రీన్ తైలమంటే దాదాపు మొత్తం మిథైల్ సాలిసిలేటే. ఆస్పిరిన్ కుటుంబం. దాన్ని రాసి వేడి పెడితే చర్మంలోకి మరింత ఇంకుతుంది, కాలుతుంది కూడా. ఒక టీ చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు కడుపులోకి పోతే సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్ మింగినట్టు. 325 మిల్లీగ్రాముల మాత్రలు ఇరవైకి పైనే! పసిపిల్లల ప్రాణం తీయడానికి ఆ చెంచాడు చాలు. కర్పూరం, నీలగిరి తైలం మింగినా పిల్లలకు ఫిట్స్ వస్తాయి. రెండేళ్లలోపు పిల్లలకు ఇవి రాయనే కూడదు. గుండె వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు వింటర్‌గ్రీన్ జోలికి పోవద్దు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

చండూరు అక్కా, మీరు కలిపే కొలత ఎంత? 30 మిల్లీలీటర్ల నువ్వుల నూనెకు అన్ని తైలాలూ కలిపి 12 చుక్కలు దాటకండి. అంటే నూటికి రెండు వంతులు. ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడండి.

ఫిజియోథెరపిస్టు, నల్లగొండ
అందరూ సీసా గురించే మాట్లాడుతున్నారు. నాకు చండూరు అన్న పేరు దగ్గరే కన్ను ఆగింది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాకముందు మీ అత్తమ్మ ఏ నీళ్లు తాగారమ్మా? మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు బోరునీళ్లు అంటే ఫ్లోరైడ్ అనుమానించాల్సిందే. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర వరకు అని మన ప్రమాణం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. మన జిల్లా పేరు ప్రపంచానికి అలా తెలిసింది. ఫ్లోరైడ్ బాధ పడినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు.

ఆ ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో చేరితే వచ్చే జబ్బే ఎముకల ఫ్లోరోసిస్. అది మొదట్లో అచ్చం కీళ్లవాతంలాగే ఉంటుంది. నడుం, మెడ బిగుసుకోవడం తర్వాత. తైలం రాస్తే రాత్రికి నయమనిపిస్తుంది, అందుకే ఏళ్లు గడిచిపోతాయి. ఇంట్లోనే మూడు పనులు చేయించి చూడండి: మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు అందుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టడం. చేయలేకపోతే అది ఫ్లోరోసిసే అని కాదు, ఎక్స్‌రే తీయించాలని. కీలు వేడెక్కి వాచినా, జ్వరం ఉన్నా, కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా అసలు ఆగొద్దు.

చండూరు కోడలు
రాత్రి చేయించాను సార్. చేతులు తల వెనక్కి పెట్టింది. కాలి వేళ్ల దాకా వంగలేకపోయింది. గడ్డం ఛాతీకి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. "ఎప్పటి నుంచో గింతే కదా" అని నవ్వేసింది. మూడేళ్లుగా వంగి చీపురు పట్టడం లేదు. వయసు అనుకున్నామే తప్ప ఎవరం పట్టించుకోలేదు. మా ఇంటి బోరునీళ్లు ఇరవై ఏళ్లకు పైనే తాగింది. మా ఆయన తైలాల ఊసెత్తలేదు. సోమవారం జిల్లా ఆస్పత్రికి తనే తీసుకెళ్తానన్నాడు.

కొలత అడిగారు కదా, నేను చారెడు నూనెలో అంచనాగా వంచేస్తున్నా. ఇక డ్రాపర్‌తో లెక్కపెట్టి వేస్తాను. మర్దన మాత్రం మానను, ఆ పది నిమిషాల కోసం ఆమె పొద్దుటి నుంచి ఎదురుచూస్తుంది. డాక్టర్ జెల్ రాస్తే రెండూ కలిపి రాయొచ్చా?

మందుల షాపు, నాగర్‌కర్నూల్
ఒకే చోట రెండూ వద్దక్కా. మోకాళ్లకు జెల్ రాస్తే మర్దన పిక్కలకు, పాదాలకు చేయండి. జెల్ రాసిన చోట వేడి కాపడం పెట్టకండి, రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. బీపీ, కిడ్నీ మందులేమైనా వాడుతుంటే ఆ చీటీ కూడా సోమవారం డాక్టర్‌కు చూపించండి.