విశాఖ సదస్సుకి మేనేజర్‌ని ఒప్పించడం ఎలా? రాయగడ కొత్త సభ్యుడి ప్రశ్న, మనవాళ్ళ జవాబులు

ప్రశ్న: బొబ్బిలి నుంచి రాయగడ వచ్చిన కొత్త ఇంజినీర్

అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. ఈ మధ్యనే ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక అల్యూమినా రిఫైనరీలో ప్రాసెస్ ఇంజినీర్‌గా చేరాను. నాది రెడ్ మడ్ సెక్షన్, అంటే బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక మిగిలే ఎర్ర బురద చూసేది. సంక్రాంతి అయిన మరుసటి వారం విశాఖలో బాక్సైట్, అల్యూమినా మీద రెండు రోజుల సదస్సు ఉంది. కంపెనీ తరఫున వెళ్ళొస్తానని నోటిమాటగా అడిగితే మా మేనేజర్ గారు నవ్వి, "పండక్కి ఇంకో నాలుగు రోజులు కావాలా?" అన్నారు. ఆయన ఒడియా ఆయన, మనిషి మంచివారే. కానీ మళ్ళీ అడగాలంటే టెన్షన్‌గా ఉంది. రాష్ట్రం దాటి వచ్చి చేసే మొదటి ఉద్యోగం ఇది. ఎలా అడిగితే బాగుంటుందో చెప్పగలరు.

జవాబు: రాయగడ, రిటైరైన ప్లాంట్ మనిషి

తమ్ముడూ, మీ మేనేజర్ ఏం అనుకుంటున్నాడో ఆ ఒక్క మాటలోనే చెప్పేశాడు. ఆయన బెంగ డబ్బు గురించి కాదు. రిజిస్ట్రేషన్ ఫీజు, రెండు రాత్రుల హోటల్, రైలు టికెట్ కలిపినా ప్లాంటుకి అదొక లెక్క కాదు. బొబ్బిలి కుర్రాడు, విశాఖ సదస్సు, సంక్రాంతి పక్క వారం. ఈ మూడూ ఒకచోట చేరితే ఎవరికైనా అది సెలవు చీటీలాగే కనిపిస్తుంది. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. ఇదే సదస్సు భువనేశ్వర్‌లో అయ్యుంటే నీకీ ప్రశ్న వచ్చేది కాదు.

ఇక్కడ మనవాళ్ళందరికీ తగిలే చిక్కే ఇది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి ప్రావిన్స్ అయ్యేదాకా ఈ ఏరియా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది. అప్పుడు కచేరీ పని పడితే విశాఖ వెళ్ళక తప్పదు. ఇప్పుడు అదే ఊరు వెళ్ళాలంటే అప్రూవల్ కావాలి! సరే, అసలు సంగతికి వద్దాం.

ముందు ఆ అనుమానం తీర్చు, సదస్సు గొప్పదనం తర్వాత చెప్పుకోవచ్చు. సంక్రాంతి మూడు రోజులూ డ్యూటీ చేస్తానని నువ్వే ముందుగా రాసి ఇచ్చెయ్. ఆ మాట పడ్డాక ఆయన దగ్గర నవ్వడానికి ఏమీ మిగలదు. మీ అమ్మగారు కోప్పడితే ఈ ముసలాడు చెప్పాడని నా మీద తోసెయ్. సదస్సుకి ముందు గానీ వెనక గానీ ఒక్క రోజు కూడా సెలవు తగిలించకు. వెళ్ళేది, వచ్చేది ఏ రైలో ముందే రాసిపెట్టు. విశాఖ రైలు బొబ్బిలి మీదుగానే పోతుందని ఆయనకి తెలియదనుకుంటున్నావా?

ఇక కాగితం. ఈమెయిల్ పన్నెండు వరుసలు దాటకూడదు. "నాకు నేర్చుకునే అవకాశం" అన్న మాట అందులో కనపడకూడదు. నీ చదువు నీ సొంతం, ఆయనకి కావలసింది సెక్షన్ బాగుండటం. నీ సెక్షన్‌లో రోజూ తలనొప్పి ఏదో అక్కణ్ణుంచి మొదలుపెట్టు. టన్ను అల్యూమినా తీస్తే సుమారు టన్ను నుంచి టన్నున్నర దాకా రెడ్ మడ్ వస్తుంది, దాన్ని ఎంత కడిగినా కొంత కాస్టిక్ సోడా దానితో పోతూనే ఉంటుంది. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే ఈ బేయర్ పద్ధతి 1880ల చివరి నాటిది, అయినా ఈ కడుగుడు గొడవ ఇంకా తీరలేదు. గత మూడు నెలల్లో మీ ఆఖరి వాషర్ (మడ్ కడిగే ట్యాంకు) నుంచి పోయిన సోడా ఎంతో నీ లాగ్ షీట్లలో ఉంటుంది. ఆ అంకె మొదటి వరుసలో పెట్టు. రెండో వరుసలో, సదస్సు కార్యక్రమంలో దీనికి సంబంధించిన ప్రసంగాలు ఏవో, ఏ రోజు ఏ పూటో రాయి. ఫ్లాక్యులెంట్ (మడ్‌ని త్వరగా అడుక్కి దించే మందు) అమ్మేవాళ్ళు, ఫిల్టర్ క్లాత్ వాళ్ళు స్టాళ్ళు పెడుతున్నారేమో చూసి, ఎవరిని ఏమి అడగబోతున్నావో కూడా రాయి. "మన మడ్ శాంపిల్‌తో జార్ టెస్ట్ (గాజు పాత్రల్లో చిన్న పరీక్ష) చేసి చూపిస్తారా అని ఇద్దరిని అడుగుతాను" అని రాశావనుకో, చాలు. మేనేజర్లు ఇలాంటి వాక్యం దగ్గరే ఆగుతారు.

పేపర్ చదివే ఉద్దేశం ఉంటే మాత్రం, అబ్‌స్ట్రాక్ట్ పంపేముందే ప్లాంట్ అంకెలు బయటపెట్టడానికి రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకో. ముందు పంపేసి తర్వాత అడిగితే సదస్సుతో పాటు నమ్మకం కూడా పోతుంది.

అడగడం మాత్రం మనిషి ఎదురుగా వెళ్ళి అడుగు. ఉదయం ప్రొడక్షన్ మీటింగ్ అయిన వెంటనే వద్దు, అప్పుడు ఆయన బుర్ర వేడిగా ఉంటుంది. మధ్యాహ్నం టీ టైములో అయితే నయం. కాగితం ప్రింట్ తీసి చేతికివ్వు, ఈమెయిల్ తర్వాత పంపు.

జవాబు: జయపురం, అకౌంట్స్‌లో పనిచేసే అక్క

అన్నయ్య చెప్పినదంతా బాగానే ఉంది గానీ, సంక్రాంతి మూడు రోజులూ వదులుకోమనడం నాకు నచ్చలేదు. కొత్త కుర్రాడు మొదటి ఏడాదే పండగ త్యాగం చేస్తే, వచ్చే ఏడు నుంచి అది వాడి డ్యూటీ అయిపోతుంది. నేను చూశాను ఇలాంటివి. తమ్ముడూ, నువ్వు చేయాల్సింది వేరు. మీ సెక్షన్‌లో ఒడియా సహోద్యోగి ఒకరితో మాట్లాడుకో. జూన్ నడిమధ్యలో ఒడియావాళ్ళ రజ పండగ వస్తుంది. అప్పుడు వాళ్ళందరికీ ఇంటికి వెళ్ళాలని ఉంటుంది, షిఫ్టులకి మనుషులు దొరకరు. ఆ రోజులు నువ్వు చూసుకుంటానని మాటిస్తే, సదస్సు రెండు రోజులూ అతను నీకు రిలీవర్‌గా ఉంటాడు. ఈమెయిల్‌లో అతని పేరుతో సహా రాయి. "నా బదులు ఎవరు?" అన్న ప్రశ్నకి జవాబు లేకుండా ఎవరూ సంతకం పెట్టరు. జనవరిలో షట్‌డౌన్ ఏదైనా ఉందేమో ముందే కనుక్కో. ఉంటే ఈ ఏడాదికి ఆ సదస్సు మాట ఎత్తకు.

డబ్బు సంగతి నేను చెబుతాను, ఇది అన్నయ్యలకి పట్టదు. ఖర్చు లెక్క జీఎస్టీతో కలిపే చూపించు. "జీఎస్టీ ఎలాగూ వెనక్కి వస్తుంది కదా సార్" అని నోరు జారకు. విశాఖ హోటల్ బిల్లు మీద పడేది ఆంధ్రా జీఎస్టీ. మీ కంపెనీకి రిజిస్ట్రేషన్ ఒడిశాలోనే ఉంటే, దాన్ని క్రెడిట్‌గా, అంటే కంపెనీ కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం కుదరదు. మా ఆఫీసులో బోర్డర్ దాటిన ప్రతి బిల్లు దగ్గరా ఇదే పేచీ. అయినా సరే, బిల్లు కంపెనీ పేరు మీదే, జీఎస్టీ నంబర్‌తో తీసుకో. నీ పేరు మీద తీసుకుంటే ఆ డబ్బు రావడానికి నెలలు పడుతుంది. నిర్వాహకులు ఎర్లీ బర్డ్ రేటు (ముందుగా కట్టేవాళ్ళకి తగ్గింపు) ఇస్తుంటే దాని ఆఖరి తేదీ ఈమెయిల్‌లో రాయి. ఆ తేదీ ఉంటే ఆయన ఫైలు పక్కన పెట్టడు. ఇంకోటి, సెలవు మీద కాకుండా ఆన్ డ్యూటీ మీద పంపమని స్పష్టంగా రాయించుకో. మాటల్లో "వెళ్ళిరా" అన్నవాళ్ళే నెలాఖరుకి నీ లీవులోంచి రెండు రోజులు కోస్తారు.

తిరిగొచ్చాక సెక్షన్ అందరికీ అరగంట ప్రెజెంటేషన్ ఇస్తానని, ఏ వారమో కూడా ఇప్పుడే రాసెయ్. ఇంగ్లీషులో చెప్పినా మధ్యమధ్య నాలుగు ఒడియా ముక్కలు కలుపు. తప్పులు పోతే వాళ్ళే దిద్దుతారు, సరదాపడతారు కూడా.

కొత్త ఇంజినీర్

అక్కా, అన్నయ్యా, చాలా థాంక్స్. రజ పండగ ఒప్పందం నాకు బాగా నచ్చింది. భోగి ఒక్క రోజు ఇంటికెళ్ళి, మిగతా రెండు రోజులు డ్యూటీ చేస్తానని రాస్తాను. ఇంత చేసినా కాదంటే?

జవాబు: రాయగడ, రిటైరైన ప్లాంట్ మనిషి

అక్క మాటే నిలబెట్టావు, పోనీలే. కాదంటే వాదించకు. "అయితే వచ్చే ఏడాది ట్రైనింగ్ బడ్జెట్‌లో నా పేరు పెట్టండి సార్" అని మార్చి లోపలే అడుగు. ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్ మొదలయ్యాక అడిగితే అప్పటికే పంచేసి ఉంటారు. ఈలోగా ఇంకొంచెం చిన్నది అడుగు. సదస్సు వ్యాసాల సంపుటి ప్లాంట్ లైబ్రరీకి కొనిపించు. భువనేశ్వర్ పరిశోధన సంస్థ ఐఎమ్ఎమ్‌టీలో ఖనిజాల మీద పనిచేసేవాళ్ళున్నారు, నాగపూర్‌లో అల్యూమినియం పరిశోధన కేంద్రం జేఎన్ఏఆర్‌డీడీసీ ఉంది. వాళ్ళు పెట్టే ట్రైనింగులు, వర్క్‌షాపుల మీద ఒక కన్నేసి ఉంచు. నాగపూర్‌కో భువనేశ్వర్‌కో పంపమంటే నిన్ను ఇంటికెళ్తున్నావని అనేవాడు ఎవడూ ఉండడు.

ఈమెయిల్ రాశాక పంపేముందు ఇక్కడ పెట్టు. కంపెనీ పేరు, అంకెలు తీసేసి పెట్టు. అక్క చూస్తుంది, నేను చూస్తాను.