తమ్ముడు హెచ్‌ఈసీ అంటున్నాడు, ఇంట్లో ఒప్పుకోవట్లేదు. సోషల్ మీద ఇష్టం ఒక్కటే సరిపోతుందా?

హన్మకొండ అక్క:

తమ్ముడు పది చదువుతున్నాడు, సర్కారు బడి, ఇంగ్లిష్ మీడియం. లెక్కలు ఫర్వాలేదు, సైన్స్ ఏదో నెట్టుకొస్తాడు. సోషల్ అంటే మాత్రం ప్రాణం. ఖిలా వరంగల్ తీసుకెళ్తే తోరణాల దగ్గర అందరినీ నిలబెట్టి కాకతీయుల గురించి మొదలుపెడతాడు, టీవీలో అసెంబ్లీ వస్తుంటే ఛానెల్ మార్చనివ్వడు. ఇంటర్‌లో హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) తీసుకుంటా అని ఇప్పటి నుంచే పట్టు పట్టాడు. మా బాపు ససేమిరా అంటున్నాడు. ఎంపీసీ, బైపీసీల్లో నెగ్గలేనోళ్లు తీసుకునే గ్రూపు అది, రేపు పొద్దున నలుగురికి ఏమని చెప్పుకోవాలి అని ఆయన బాధ. అమ్మ ఎటూ తేల్చదు.

అసలు చిక్కేంటంటే, ఇంత ఇష్టం ఉన్నవాడికి మార్కులూ రావట్లేదు. బడిలో పెట్టిన ఎస్‌ఏ-1 పరీక్షలో సోషల్‌కి 80కి 51. జవాబు పత్రం తెప్పించుకుని చూశాను. చరిత్ర ప్రశ్నకు రెండు పేజీలు నింపాడు, అడిగినదానికి జవాబు మాత్రం చివరి నాలుగు లైన్లలో ఉంది. పట్టిక ఇచ్చి విశ్లేషించమంటే అందులోని అంకెలనే వాక్యాలుగా మార్చి పెట్టాడు. అభిప్రాయం రాయమన్న ప్రతిచోటా "ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి" ఒక్కటే ముక్క. ఈ మార్కులు చూపించి బాపు "ఇష్టమున్న సబ్జెక్టే ఇట్ల ఉంటే ఇక గ్రూపెందుకు" అంటున్నాడు, నా దగ్గర జవాబు లేదు. జవాబులు రాయడం ఎలా నేర్పాలి, హెచ్‌ఈసీకి పంపొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

బడిపంతులు (సోషల్, జనగామ వైపు):

చెల్లెమ్మా, గ్రూపు సంగతి మిగతావాళ్లు చెప్తారు, నేను మార్కుల సంగతి చెప్తా. మీవాడికి విషయం తక్కువై మార్కులు పోలేదు. తెలిసిందంతా కుమ్మరించడం వల్ల పోయాయి. సోషల్ అంటే ఇష్టమున్న పిల్లలందరికీ ఉండే జబ్బే ఇది. పేపర్లో ఒక్కో ప్రశ్న ఒక్కో పని అడుగుతుంది: ఒకటి అర్థమైందా అని, ఒకటి ఇచ్చిన పేరా చదివి వ్యాఖ్యానించగలవా అని, ఒకటి పట్టిక, ఒకటి పటం, ఒకటి ఇప్పటి సమస్య మీద నీ మాటేంటి అని. అన్నింటికీ ఒకే తీరుగా రాస్తే ఎట్లా?

పట్టిక సంగతే చూడండి. జనాభా పాఠంలో స్త్రీ-పురుష నిష్పత్తి ఉంటుంది. ప్రతి వెయ్యి మంది పురుషులకు స్త్రీలు 1901లో 972, 1991లో 927, 2011లో 943. మీవాడు ఈ మూడూ ఎక్కించి ఆగి ఉంటాడు, అవి పేపర్లోనే ఉన్నాయి కదా, వాటికి మార్కులెందుకిస్తారు? రాయాల్సింది ఏంటంటే, తొంభై ఏళ్లలో మొత్తం మీద తగ్గింది, ఆ తర్వాత కొంచెం కోలుకుంది, అయినా 1901 నాటి స్థాయికి రాలేదు. ఇంకొంచెం చదివినవాడైతే, మొత్తం నిష్పత్తి పెరిగినా ఆరేళ్లలోపు పిల్లల్లో మాత్రం 2001లో 927 ఉన్నది 2011కి ఇంకా పడిపోయిందని చెప్పి, అట్లా ఎందుకైందో రెండు లైన్లు రాస్తాడు. పుట్టకముందే ఆడపిల్లను వద్దనుకోవడం గురించి అక్కడ రాయాలి.

అభిప్రాయం ప్రశ్నలకు మా పిల్లలకు ఒకటే షరతు పెడతా, "ప్రభుత్వం" అనే మాటతో జవాబు మొదలుపెట్టొద్దు అని. వలసల పాఠం తీసుకోండి. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏ ఊరికి పోయినా గల్ఫ్‌కి పోయినవాళ్ల ఇళ్లుంటాయి. వీసా కోసం ఏజెంటుకు కట్టిన అప్పు, అక్కడి నుంచి వచ్చే పైసలతో లేచిన స్లాబు, ఇక్కడ ఎవుసం, పిల్లల చదువు ఒంటిచేత్తో చూసుకునే ఆడమనిషి. ఈ మూడు ముక్కలు రాసి, ఆ తర్వాత ఏం చేస్తే బాగుంటుందో రాస్తే అది అభిప్రాయం అవుతుంది. ఇంట్లో అసెంబ్లీ చూసే పిల్లాడికి ఇది కష్టమేం కాదు, చూసినదానికీ పాఠానికీ ముడి వేయమని ఎవరూ చెప్పి ఉండరు.

ఇక చరిత్ర. నోట్సు పేజీని నిలువుగా మధ్యకు మడవమనండి. ఎడమ పక్క ప్రపంచం, దేశం. కుడి పక్క మన దగ్గర. 1919 వర్సెయిల్స్ సంధికి ఎదురుగా, సర్కారు కొలువులు స్థానికులకే అన్న నిజాం ముల్కీ ఫర్మానా, అదే ఏడాది. 1930 దండి యాత్రకు ఎదురుగా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ. ఎడమ పక్క 1945లో యుద్ధం ముగిసి ఐక్యరాజ్యసమితి వస్తే, కుడి పక్క 1946 జులై 4న కడవెండిలో దొరల తూటాలకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య, తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడు. 1947 ఆగస్టు 15 దగ్గర కుడి గడి ఖాళీగా ఉంటుంది. ఎందుకు ఖాళీ అని అడగండి వాణ్ని. ఢిల్లీలో జెండా ఎగిరిన తర్వాత కూడా, సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయబోయిన జనం మీద తుపాకులు ఎందుకు పేలాయి? 1948 సెప్టెంబరు 17న నిజాం రాజ్యం దేశంలో కలిసేదాకా ఆ గడి ఎందుకు నిండలేదు? ఇది వాడు తన మాటల్లో చెప్పగలిగితే చరిత్ర వచ్చినట్టే. పరకాల మీకు దూరం కాదు, ఒక ఆదివారం ఆ కాల్పుల్లో పోయినవాళ్ల గుర్తుగా కట్టిన అమరధామం చూపించుకురండి.

పటం మాత్రం రోజూ చేయించాలి, దానికి అడ్డదారి లేదు.

ఎంపీసీ బ్యాచ్:

అక్కా, అందరూ మెచ్చుకుంటరు గానీ నేను మీ బాపు వైపు. బాపు మాటలో ఉన్న చులకన నాకూ నచ్చలేదు, కానీ లెక్క మాత్రం కరెక్టే. ఎంపీసీ చదివినోడు రేపు మనసు మారితే దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) బీఏ పెట్టుకోవచ్చు, లా సెట్ రాయొచ్చు, సర్కారు కొలువుల కోసం గ్రూప్స్ పరీక్షలు రాయొచ్చు. హెచ్‌ఈసీ చదివినోడికి ఇంజినీరింగ్ మీద మనసైతే దారి లేదు, ఇంజినీరింగ్ సీట్ల ఎప్‌సెట్ రాయాలంటే మళ్లీ ఇంటర్ మొదటికొస్తుంది. పదిహేనేళ్ల పోరడు, ఆరు నెలలకో ఇష్టం మారుతది. లెక్కలు ఫర్వాలేదంటున్నరు కదా, ఎంపీసీలో వేసి సోషల్ ఇంట్లో చదువుకోమనండి. చరిత్ర చదవడానికి కాలేజీ ఎందుకక్కా, హన్మకొండలో లైబ్రరీలు లేవా?

కేయూ బీఏ:

పైన అన్నయ్య చెప్పింది కాగితం మీద బాగుంది. "ఎంపీసీలో వేసి సోషల్ ఇంట్లో చదువుకో" అనేవాళ్లు ఆ కాలేజీల టైంటేబుల్ చూశారా అని నా అనుమానం. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం టెస్టు. రెండేళ్లలో చరిత్ర పుస్తకం తెరిచే తీరిక దొరకదు, పైగా ర్యాంకు రాలేదన్న టెన్షన్ ఒకటి. మా వీధిలోనే ఇట్లా ఇష్టం చచ్చిపోయినవాళ్లున్నారు, పేర్లెందుకు.

నేను సర్కారు జూనియర్ కాలేజీలో హెచ్‌ఈసీ చదివి ఇప్పుడు బీఏ చేస్తున్నా. మీ తమ్ముడికి నచ్చేది సివిక్స్ కావచ్చు అక్కా, చరిత్ర కంటే ఎక్కువ. ఫస్టియర్‌లో రాజ్యం, స్వేచ్ఛ, సమానత్వం లాంటి భావనలు, సెకండియర్‌లో రాజ్యాంగం, పార్లమెంటు, కోర్టులు, కేంద్ర-రాష్ట్ర సంబంధాలు. టీవీలో గవర్నర్ బిల్లు ఆపాడని చర్చ నడుస్తుంటే దాని వెనక ఏ అధికరణం ఉందో తెలిసి చూడటంలో ఒక మజా ఉంటుంది. ఎకనామిక్స్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దని చెప్పండి. ఫస్టియర్‌లో డిమాండు రేఖలు, వ్యాకోచత్వం వచ్చేసరికి మా క్లాసులో సగం మంది దిక్కులు చూశారు. లెక్కలు కాస్త వచ్చినవాడు కాబట్టి మీవాడు నెట్టుకురాగలడు.

రెండు పేజీలు రాసే అలవాటు అక్కడ కుదరదు. నేను రాసినప్పుడు వందకి పేపరు, పది మార్కుల వ్యాసాలు మూడు, ఐదు మార్కులవి ఎనిమిది, రెండు మార్కులవి పదిహేను. మొత్తం ఇరవై ఆరు జవాబులు మూడు గంటల్లో. మొదటి వ్యాసం దగ్గరే గంట తినేస్తే ఇక అంతే.

ఒప్పుకోవాల్సిన ఇబ్బందులు కూడా ఉన్నాయి. ప్రైవేటు కాలేజీల్లో హెచ్‌ఈసీ వెతికినా దొరకదు, వాళ్లకు ఎంపీసీ, బైపీసీలతోనే పని, మహా అయితే కామర్స్ ఉన్న సీఈసీ, ఎంఈసీ. సర్కారు కాలేజీలు, కొన్ని గురుకులాలే దిక్కు. అక్కడ కూడా క్లాసుకు రానివాళ్లు ఎక్కువ, ఎవరూ వెంటపడి చదివించరు. తనంతట తాను చదువుకునే పిల్లాడైతే ఆ రెండేళ్ల తీరిక వరం, కానివాడికి మాత్రం ప్రమాదం. ఇంకోటి, ఇప్పటిదాకా ఇంగ్లిష్ మీడియం కదా, కాలేజీలో ఆ గ్రూపు ఏ మీడియంలో నడుస్తుందో కనుక్కోండి.

ఇంటర్ అయ్యాక మా బ్యాచ్‌లో ఒకరు లా సెట్ రాసి అయిదేళ్ల లాలో ఉన్నారు, ఒకరు సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఎంఏకి వెళ్లారు. నా ఆలోచన బీఈడీ, సోషల్ మెథడాలజీ, ఆ తర్వాత టెట్, డీఎస్సీ. పంతులు గారి దారే.

రీడింగ్ రూమ్ మనిషి:

ఇంకెవరో వచ్చి "గ్రూప్స్‌కి హెచ్‌ఈసీ బెస్టు" అనే లోపే ఒక మాట. నేను గ్రూప్-2 రాసినవాణ్ని, పొద్దస్తమానం ఇదే పని. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. రెండో పేపర్లో చరిత్ర, రాజకీయ వ్యవస్థ, సమాజం. నాలుగోది పూర్తిగా తెలంగాణ ఉద్యమం, 1948 నుంచి 2014 దాకా. మీ తమ్ముడికి ఇష్టమైన సరుకే. బీటెక్ చదివొచ్చిన మా రూమ్మేట్లు 1952లో వరంగల్‌లో ముల్కీ గొడవ ఎందుకు మొదలైంది, 1956 పెద్దమనుషుల ఒప్పందంలో ఏముంది అని ఓనమాల నుంచి మొదలుపెడితే, ఆర్ట్స్ వాళ్లు కాస్త ముందుంటారు. నిజమే.

కానీ ఆ ముందుండటం ఆరు నెలల ముచ్చట, తర్వాత అందరూ సమానమే. పైగా ఈ పరీక్షలను నమ్ముకుని పదిహేనేళ్ల పిల్లాడికి గ్రూపు ఎంచకండి. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ఈ మధ్యలో ఎంతమంది అద్దెలు కట్టలేక ఊళ్లకు పోయారో హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో అడిగితే చెప్తారు. హెచ్‌ఈసీ చదవనివ్వండి, చదువు కోసం చదవనివ్వండి. లా, టీచింగ్, పీజీ, జర్నలిజం, ఏదో ఒకటి రెండో దారిగా డిగ్రీ లోపే చూసుకోవాలి. ఇంగ్లిష్ గట్టిగా పట్టమనండి, మా వాళ్లలో చాలామంది వెనకబడింది సబ్జెక్టులో కాదు, అక్కడే.

హన్మకొండ అక్క:

అందరికీ థ్యాంక్స్. పంతులు సార్ చెప్పిన మడత పేజీ నిన్న రాత్రి వేయించాను. ఖాళీ గడి దగ్గర వాడు కాసేపు ఆగి, "మరి అప్పుడు మన తాత ఏ దేశంలో ఉన్నట్టు?" అని నన్నే అడిగాడు. బాపు పక్క గదిలోంచి వచ్చి, వాళ్ల నాయన రజాకార్ల భయానికి రాత్రిళ్లు చేన్లో పడుకున్న సంగతి చెప్పాడు. గ్రూపు విషయంలో మాత్రం ఇంకా మెత్తబడలేదు. ఇప్పుడు కొత్తగా ఎంఈసీ అంటున్నాడు, లెక్కలు ఉంటాయి కదా, మధ్యేమార్గం అని. అది ఎట్లా ఉంటుంది సార్?

బడిపంతులు (సోషల్, జనగామ వైపు):

ఎంఈసీ అంటే మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్. సీఏ, బీకాం వైపు పోవాలనుకునేవాడికి మంచి గ్రూపే. కానీ అందులో హిస్టరీ లేదు, సివిక్స్ లేదు. వాడికి ఇష్టమైన రెండూ తీసేసి మధ్యేమార్గం అంటే ఎట్లా? రాజీ కావాలంటే సీఈసీ అడిగి చూడండి, సివిక్స్, ఎకనామిక్స్ ఉంటాయి, కామర్స్ ఉంది కాబట్టి మీ బాపుకి నలుగురిలో చెప్పుకోవడానికీ ఉంటుంది. చరిత్ర డిగ్రీలో మళ్లీ తీసుకోవచ్చు. నన్నడిగితే మాత్రం హెచ్‌ఈసీయే.

తొందరేం లేదు, ప్రీఫైనల్ దాకా ఆగండి. ఈలోపు జవాబులు కుదురుకుని మార్కులు పెరిగితే బాపు మాట దానంతటదే మారొచ్చు. కాలేజీ చూడటానికి పోయినప్పుడు బిల్డింగు చూసి రాకండి. హిస్టరీకి రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, గెస్టా, పోయిన ఏడాది ఎప్పుడు వచ్చారు అని సెకండియర్ పిల్లలను అడగండి, ఆఫీసులో వద్దు. గెస్టు ఆగస్టు దాటాక వచ్చే కాలేజీ అయితే ఇంకోటి చూసుకోండి.