అప్‌డేట్: వీల్ వెల్‌లో తడి ఎక్కడిదో తెలిసింది

బెంగళూరులో ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్) ట్రైనింగ్‌లో ఉన్నాను. వీల్ వెల్‌లో (విమానం చక్రాలు ముడుచుకునే చోటు) ఒక హైడ్రాలిక్ ఫిట్టింగ్ (ట్యూబ్ జాయింట్) ఎంత తుడిచినా మళ్లీ తడిగా ఉంటోందని, నట్ ఇంకాస్త బిగించాలా అని ఇదివరకు అడిగాను. "బిగించొద్దు, అంతా శుభ్రంగా తుడిచి, ప్రెషర్ ఇచ్చి, పైనుంచి వెతుక్కుంటూ రా" అన్నవాళ్లకు చాలా థాంక్స్. మీరు చెప్పిందే నిజం.

లీక్ ఆ ఫిట్టింగ్‌ది కానే కాదు. దానికి జానెడు పైన ట్యూబ్‌ని పట్టుకున్న క్లాంప్‌లో రబ్బరు అరిగిపోయింది. ఆ ఇనుప అంచు వైబ్రేషన్‌కి ట్యూబ్‌ని రాస్తూ రాస్తూ మెరిసే గీత పెట్టింది. వేలి గోటికి తగిలేంత లోతు. అక్కడినుంచి ఊదారంగు స్కైడ్రాల్ (విమానాల హైడ్రాలిక్ ద్రవం) ట్యూబ్ వెంట జారి, కింద ఫిట్టింగ్ దగ్గర బొట్టు కడుతోంది. ఆ ద్రవం తగిలి పైన పెయింట్ ఉబ్బి ఉండటమే మాకు మొదటి ఆనవాలు.

ఇంకో మాట. ప్రెషర్ ఉన్నప్పుడు లీక్ కోసం చెయ్యి పెట్టి తడమకండి. చాలా విమానాల్లో అది 3,000 పీఎస్ఐ. సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది. మా సీనియర్ గారు అట్టముక్క అడ్డం పెట్టి చూపించారు. ఈ జాగ్రత్త మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి.

ట్యూబ్, క్లాంప్ రెండూ మార్చాం. లీక్ చెక్ ఓకే.

సీల్స్ గురించి అడిగిన తమ్ముడికి: స్కైడ్రాల్‌కి ఈపీడీఎం అనే రబ్బరు సీల్స్ వాడాలి, నైట్రైల్ రబ్బరువి ఉబ్బిపోతాయి. ఇంకో రకం హైడ్రాలిక్ ద్రవమైన ఎర్ర మినరల్ ఆయిల్‌కి సరిగ్గా రివర్స్: నైట్రైల్‌వి వాడాలి, ఈపీడీఎంవి ఉబ్బిపోతాయి. పార్ట్ నంబర్ చూసే తీసుకో.