సేవ్ చేయని రెండు టాబ్‌లను పోల్చడం: పనితనమా, బద్ధకమా?

రాత్రిషిఫ్ట్
మా టీమ్‌లో రెండు రోజులుగా ఇదే గొడవ. మీరే తేల్చండి. నాది ప్రొడక్షన్ సపోర్ట్, రాత్రి డ్యూటీ. మొన్న ఒక ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదానితో డేటా మాట్లాడుకునే దారి) కొందరికి సరిగ్గా పనిచేస్తోంది, కొందరికి ఎర్రర్ ఇస్తోంది. అందులో డేటా జేసన్ అనే టెక్స్ట్ రూపంలో ఉంటుంది. బాగున్న జేసన్ ఒకటి, చెడిపోయిన జేసన్ ఒకటి కాపీ చేసి వీఎస్ కోడ్ ఎడిటర్‌లో రెండు కొత్త టాబ్‌లలో పడేసి పోల్చా. ఒక దాంట్లో కస్టమర్ నంబర్ కొటేషన్ల మధ్య ఉంది, రెండో దాంట్లో లేదు. పది నిమిషాల్లో కారణం దొరికింది. టాబ్‌లు మూసేసి, టికెట్‌లో (సమస్య నమోదు చేసే చోట) ఒక వాక్యం రాసి ఇంటికెళ్లిపోయా. పొద్దున్నే లీడ్ ఫోన్: "ఆ రెండు జేసన్‌లు ఎక్కడ?" ఎక్కడా లేవు. ఇప్పుడు రూల్ పెట్టారు. ముందు ఫైల్‌గా సేవ్ చేయాలట, ఆ తర్వాతే పోల్చాలట. రెండు నిమిషాల పనికి ఫైల్ పేరు ఆలోచిస్తూ కూర్చోవాలా?

పాతకీబోర్డు
నేను మీ లీడ్ పక్షం. తేడాలు చూపే ప్రోగ్రామ్ డిఫ్, 1974లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఐదో ఎడిషన్‌తో వచ్చింది. అప్పటి నుంచీ అది అడిగేది ఒకటే: రెండు ఫైళ్లు ఇవ్వు, తేడా చెప్తా. ఫైల్ అంటే దానికో పేరు, ఒక టైమ్ ఉంటాయి. పేరు లేని రెండు టాబ్‌లలో ఏది పాతదో ఏది కొత్తదో అర్ధరాత్రి ఎవరికి గుర్తుంటుంది? నాకు జరిగిందే చెప్తా. ఎడమ టాబ్ కొత్తదనుకుని, ఉండాల్సిన లైన్‌ను కాన్ఫిగ్‌లోంచి, అంటే సెట్టింగుల ఫైల్‌లోంచి, తీసేశా. తీసేసి, సరిచేశానని మెయిల్ కూడా పెట్టా. ఆ రోజు పరువు పోయింది.

జొన్నరొట్టె
1974లో టాబ్‌లు ఎక్కడున్నాయి సార్! పైగా ఆ డిఫ్‌కే ఒక వైపు ఫైల్ పేరు బదులు హైఫన్ ఇస్తే పైప్‌లో, అంటే ఇంకో కమాండ్ నుంచి నేరుగా, వచ్చేది చదువుకుంటుంది. విమ్ ఎడిటర్ వాళ్లు కొందరు సేవ్ చేయని మార్పులను డిస్క్ మీది ఫైల్‌తో పోల్చేది ఆ దారిలోనే. అన్నిటికీ ఫైల్ కావాలని డిఫే అనలేదు, మనం అంటున్నాం.

సేవ్ చేయమంటే జనం ఏం చేస్తారో చూశాం కదా. డెస్క్‌టాప్ నిండా ఏ1, ఏ2, ఏ2కొత్త, ఏఫైనల్. ఆర్నెల్ల తర్వాత అవేంటో పెట్టిన వాడికే తెలియదు.

కొత్తగాచేరా
అడగడానికి సిగ్గుగా ఉంది కానీ, అసలు సేవ్ చేయకుండా ఎలా పోలుస్తారు? నేను రెండు కిటికీలు పక్కపక్కన పెట్టి కళ్లతో చూస్తున్నా.

జొన్నరొట్టె
సిగ్గెందుకు తమ్ముడూ, అందరం అలా మొదలుపెట్టినవాళ్లమే. వీఎస్ కోడ్‌లో ఒక ముక్క తెరిచి ఉంచి, రెండోది కాపీ చేసుకుని, కంట్రోల్ కే కొట్టి వదిలి సీ కొట్టు. తెరిచి ఉన్నదాన్ని క్లిప్‌బోర్డ్‌లో ఉన్నదానితో పోల్చి చూపిస్తుంది. రెండూ బయటి నుంచే తెస్తున్నావా? కమాండ్ పాలెట్‌లో (కమాండ్లు వెతికే పెట్టెలో) 'కంపేర్ న్యూ అన్‌టైటిల్డ్ టెక్స్ట్ ఫైల్స్' అని ఉంది. రెండు ఖాళీ పలకలు పక్కపక్కన వస్తాయి, చెరొకదాన్లో పేస్ట్ చెయ్యడమే.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఇంకో ఎడిటర్‌లో ఇది మొదట్నుంచే ఉండదు. ప్లగిన్స్ అడ్మిన్‌లోకి వెళ్లి కంపేర్‌ప్లస్ అనే ప్లగిన్ వేసుకోవాలి. వేసుకున్నాక టాబ్ సేవ్ అయిందా లేదా అని అది అడగదు. విమ్‌లో అయితే రెండు విండోలు తెరిచి 'విన్‌డూ డిఫ్‌దిస్' అని కమాండ్ కొట్టు, అంతే.

ఒక చిట్కా కూడా. జేసన్ అంతా ఒకే లైన్‌లో ఉంటే ముందు ఫార్మాట్ చేసుకో. లేకపోతే ఆ పొడవాటి లైన్‌లో తేడా వెతకడం కళ్లకు శిక్ష. కీల (విలువల ముందుండే పేర్ల) వరుస వేరైనా తేడాగానే చూపిస్తుంది, కాబట్టి జేసన్‌ను సర్దే జేక్యూ అనే కమాండ్‌లో పెద్ద ఎస్ ఆప్షన్‌తో కీలను వరుసలో పెట్టి తర్వాత పోల్చు.

మెటాఎక్స్
ఈమ్యాక్స్ ఎడిటర్‌లో ఈడిఫ్ రీజియన్స్ ఉంది. టాబ్ మొత్తం కూడా అక్కర్లేదు, ఒకే ఫైల్‌లోని రెండు పేరాలు ఎంచుకుని పోల్చుకోవచ్చు. అడగలేదని తెలుసు, అయినా చెప్తున్నా.

అరసున్నా
కోడ్ రాసేవాళ్లే మాట్లాడుతున్నారు, నా గోడు కూడా వినండి. నేను తెలుగు వ్యాసాల ప్రూఫ్ చూస్తాను. రచయిత పంపిన పేరా, నేను దిద్దిన పేరా, మళ్లీ ఆయన మార్చిన పేరా. ఒక్కో వ్యాసానికి ఇలాంటివి నలభై దాకా. వీటన్నిటినీ ఫైళ్లుగా దాచమంటే నేను ఉద్యోగం మానేస్తా.

ఇందులో ఒక తమాషా ఉంది. ఒకరోజు రెండు లైన్లు కంటికి అచ్చం ఒకేలా ఉన్నాయి, ఎడిటర్ సాఫ్ట్‌వేరేమో తేడా ఉందని రంగు వేస్తోంది. సాఫ్ట్‌వేర్ పాడైందనుకున్నా. చూస్తే 'హైదరాబాద్' చివరి పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి, జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు పొల్లు పక్కన దాన్ని కూడా పెట్టేస్తాయి. 'హైదరాబాద్‌లో' అని రాసేటప్పుడు అది కావాలి, లేకపోతే ద కింద ల వత్తు వచ్చి కూర్చుంటుంది. పదం చివర మాత్రం దండగ. ఇంకో రకం: ఐత్వం యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయొచ్చు, మొత్తం ఒకే గుర్తుగా ఒకటి, ఎత్వం గుర్తు, కింది గుర్తు విడివిడిగా ఇంకొకటి. కంటికి రెండూ ఐత్వమే, డిఫ్‌కి మాత్రం వేర్వేరు. ఇది తెలిశాక కళ్లను నమ్మడం మానేశాను. కొత్తగాచేరా గారూ, మీరు కూడా మానేయండి.

పాతకీబోర్డు
మీ పని వేరు అమ్మా. పేరా దిద్దాక తేడాతో అవసరం తీరిపోతుంది. ప్రొడక్షన్‌లో ఆ తేడాయే సాక్ష్యం. రాత్రిషిఫ్ట్ పోల్చిన పద్ధతిలో తప్పు లేదు, టాబ్‌లు మూసిన టైమ్‌లో ఉంది. టికెట్‌కి ఆ రెండూ అతికించి మూసి ఉంటే లీడ్ ఫోన్ చేసేవాడే కాదు.

జొన్నరొట్టె
హమ్మయ్య, సగం దారి వచ్చారు. ఇదే ముందు చెప్పి ఉంటే యూనిక్స్ చరిత్ర తప్పేది.

తాళంచెవి
మీ ఇద్దరూ ఒక తప్పు మీదే నిలబడి వాదిస్తున్నారు. 'సేవ్ చేయలేదు' అంటే డిస్క్ మీద లేదని కాదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ మామూలు సెట్టింగ్‌లో ప్రతి 7 సెకన్లకు సేవ్ చేయని టాబ్‌ను బ్యాకప్ ఫోల్డర్‌లో రాసుకుంటుంది. కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ లేచినా మీ 'న్యూ 1' అలాగే ఉండేది అందుకే. వీఎస్ కోడ్ కూడా సేవ్ కాని వాటిని తన బ్యాకప్స్ ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. అక్కడ ఉన్నది మామూలు టెక్స్ట్, ఆ ఫోల్డర్ తెరవగలిగిన ఎవరైనా చదవొచ్చు. టాబ్ మూసేస్తే పోతుంది నిజమే, కానీ మూసేవాళ్లు ఎందరు? రెండు కాన్ఫిగ్‌లు పోల్చేటప్పుడు అందులో పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయని మర్చిపోతారు.

ఆన్‌లైన్ డిఫ్ సైట్లలో కంపెనీ డేటా పేస్ట్ చేసేవాళ్ల గురించి మాట్లాడితే నాకు బీపీ వస్తుంది, అందుకని మాట్లాడను.

కొత్తగాచేరా
అయ్యో. నేను పోయిన వారం అదే చేశా.

రాత్రిషిఫ్ట్
తాళంచెవి గారి మాట చదివి ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ బ్యాకప్ ఫోల్డర్ తెరిచా. నా టాబ్‌లు 'న్యూ 37' దాకా ఉన్నాయి, వాటిలో మూడొంతులు ఎందుకు తెరిచానో కూడా గుర్తు లేదు. ఒకదాంట్లో టెస్ట్ సర్వర్ పాస్‌వర్డ్ ఉంది, పోయిన ఏడాది నుంచీ. మార్చమని ఇప్పుడే మెయిల్ పెడుతున్నా. లీడ్‌ని సీసీలో పెట్టాలా వద్దా అన్నదే ప్రస్తుతం టెన్షన్.