అప్‌డేట్: 20 నెలల పాప అన్నం ముట్టడం లేదన్న నా ప్రశ్నకు

రెండు నెలల క్రితం అడిగాను, మా పాప ముద్ద పెట్టబోతే నోరు బిగించేస్తోంది, పాలు తప్ప ఏమీ వద్దంటోందని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ముఖ్యంగా పాలు ఎన్ని తాగుతోందో కొలవమన్న అక్కకు.

కొలిస్తే రోజుకు 900 మి.లీ. దాటింది! నేను అరలీటరే అనుకున్నాను. పిల్లల డాక్టర్ రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది, ఈ వయసులో 11కి తగ్గకూడదట. పాలతో పొట్ట నిండిపోతుంది, వాటిలో ఐరన్ దాదాపు ఉండదు, తిండిలోని ఐరన్‌నూ సరిగా ఒంటబట్టనివ్వవు. ఐరన్ తగ్గితే ఆకలీ మందగిస్తుందన్నారు.

ఐరన్ చుక్కలు రాశారు. పాలు 400 మి.లీ.కి తగ్గించి, గ్లాసులోనే ఇమ్మన్నారు. మొదటి మూడు రాత్రులు సీసా కోసం బాగా ఏడ్చింది, నాకూ ఏడుపొచ్చింది. పది రోజులకు మా పక్కన కూర్చుని పప్పన్నం తనే చేత్తో తీసుకుంది. ఇప్పుడు గుడ్డు, ఇడ్లీ కూడా తింటోంది. చుక్కలకు మలం నల్లగా వస్తుంది, కంగారు పడకండి.

నులిపురుగుల మందు, ఆకలి టానిక్, దిష్టి తీయడం, వీటితో మాకు తేడా కనిపించలేదు. పళ్లు రావడం వల్ల కూడా కాదు. నిన్నటి పరీక్షలో 10.8. చుక్కలు ఇంకో రెండు నెలలు వాడాలి.