హంగర్ గేమ్స్: సినిమా కథని గట్టిపరిచిందా, మెత్తబరిచిందా?

పేజీమడత
2012లో వచ్చిన మొదటి సినిమా మీద నాకున్నది ఒకే ఒక్క ఫిర్యాదు. చీటీల లెక్క ఎగ్గొట్టారు.

నవల (2008) చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. పానెమ్ దేశంలో 12 జిల్లాలు. ఏటా ఒక్కో జిల్లా నుంచి 12 నుంచి 18 ఏళ్ల వాళ్లలో ఒక అమ్మాయిని, ఒక అబ్బాయిని చీటీ తీసి పట్టుకెళ్తారు. ఆ 24 మందిలో ఒక్కరు మిగిలేదాకా చంపుకోవాలి, దేశమంతా టీవీలో చూడాలి. 12 ఏళ్లకి నీ పేరు ఒక చీటీ మీద, 13కి రెండు, అలా ఏటా ఒకటి పెరుగుతుంది. ఇంట్లో గడవకపోతే అదనంగా చీటీ వేసుకోవచ్చు. ఒక్కో చీటీకి ఒక మనిషికి ఏడాది ధాన్యం, నూనె ఇస్తారు, అదీ అరకొరగా. దాని పేరు టెసెరా. వేసిన చీటీలు చెరిగిపోవు, ఏటికేడు పోగవుతాయి.

కథానాయిక కాట్నిస్‌కి 16. మామూలు చీటీలు 5, తనకీ తల్లికీ చెల్లికీ ఏటా 3 చొప్పున ఐదేళ్లకి 15. మొత్తం 20. ఆమె స్నేహితుడు గేల్‌కి 18. మామూలువి 7, ఇంట్లో ఐదుగురికి ఏడేళ్లవి 35. మొత్తం 42. అదే మేయర్ కూతురు మ్యాడ్జ్‌కి ఐదే. "నాకు పన్నెండేళ్లప్పుడే ఆరు" అని గేల్ ఆమెని ఎత్తిపొడుస్తాడు. కథంతా ఆ ఒక్క మాటలో ఉంది. సినిమాలో ఇది లేదు.

రీలు నంబర్ 6
లేకపోవడమేంటండీ? 42 అని గేల్ నోటితోనే చెప్పిస్తారు. వీడ్కోలు సీన్లో కాట్నిస్ చెల్లెలికి "అదనపు తిండి తీసుకోకు" అని మరీ మరీ చెప్తుంది. ఒకసారి మళ్లీ చూసి మాట్లాడండి.

పేజీమడత
చూశాను కాబట్టే అంటున్నాను. 42 అని వినగానే పుస్తకం చదవనివాడికి ఏం అర్థమవుతుంది? పాపం, దురదృష్టవంతుడు అనుకుంటాడు. అది దురదృష్టం కాదు. ఏడేళ్లుగా తిన్న ధాన్యానికి అప్పు.

రీలు నంబర్ 6
అంటే "లేదు" నుంచి "ఉంది కానీ అర్థం కాదు"కి వచ్చాం. సంతోషం.

చింతపిక్క
మ్యాడ్జ్ గురించి ఎవరూ మాట్లాడరేం? మొత్తం పాత్రనే లేపేశారు.

కాంపస్ కాకి
ఇవన్నీ సరే గానీ, ఆ మొదటి సినిమా కెమెరామన్‌కి చలిజ్వరమా? తల తిరిగిపోయింది చూస్తుంటే.

రీలు నంబర్ 6
కాకి గారూ, అది జ్వరం కాదు, సర్టిఫికెట్. పిల్లల్ని పిల్లలు చంపే కథ. అమెరికాలో పిల్లల్ని హాల్లోకి రానిచ్చే పీజీ-13 సర్టిఫికెట్ రాకపోతే ఆ పుస్తకం చదివిన పిల్లలే హాల్లోకి రాలేరు. ఆయుధాల కుప్ప దగ్గర మొదటి రోజు మారణకాండ నవల్లో 11 మందిని మింగుతుంది. దాన్ని స్టడీ షాట్లో తీస్తే అయిపోయినట్టే. అందుకని కత్తి లేవడం ఒక ముక్క, మనిషి పడటం ఇంకో ముక్క, మధ్యలో తగలడం ఉండదు. సౌండ్ కూడా దాదాపు తీసేశారు. ఇంత చేసినా బ్రిటన్‌లో అలాంటిదే 12ఏ కోసం ఇంకో 7 సెకన్ల రక్తం తుడవాల్సొచ్చింది. రెండో సినిమాకి దర్శకుడు మారాడు, ఫ్రాన్సిస్ లారెన్స్ వచ్చాడు, కెమెరా కుదురుకుంది. కాట్నిస్ గొట్టంలోంచి ఆట జరిగే అరీనాలోకి పైకొచ్చేటప్పుడు ఐమాక్స్ తెర నిలువునా తెరుచుకుంటుంది, గుర్తుందా? అరీనా అంతా ఐమాక్స్ కెమెరాలతోనే తీశారు.

ఇక పేజీమడత గారి అసలు బాధకి వస్తాను. సినిమా 142 నిమిషాలు. నవల 27 అధ్యాయాలు. అధ్యాయానికి ఐదు నిమిషాల పైచిలుకు. పైగా పుస్తకమంతా కాట్నిస్ నోటనే, అప్పటికప్పుడు జరుగుతున్నట్టు నడుస్తుంది. ఆమె తలలో ఉన్నది తెర మీదకి రావాలంటే నాకు తెలిసి మూడే దారులు. వాయిస్ ఓవర్ పెట్టాలి, పక్కన ఎవరితోనైనా మాట్లాడించాలి, లేదా ఆమెకి కనపడనిది మనకి చూపించాలి. అడవిలో ఒంటరిగా చెట్టు మీద కూర్చున్న పిల్ల ఎవరితో మాట్లాడుతుంది? వాయిస్ ఓవర్ పెడితే చెట్టెక్కుతూ "చెట్టెక్కుతున్నాను" అన్నట్టుంటుంది, రేడియో నాటకం. అందుకే ఆట నడిపే గేమ్ మేకర్లకి కంట్రోల్ రూమ్ కట్టారు. వాళ్ల పెద్ద సెనెకా క్రేన్ పుస్తకాల్లో పేరుకే ఉన్నాడు, సినిమాలో మనిషయ్యాడు. మంట ఎక్కడ పుట్టాలో, చెట్టు ఎప్పుడు కూలాలో బల్ల మీద వేలితో గీసి పంపుతుంటారు. చివర్లో విషపు పళ్లున్న గిన్నె ముందు అతన్ని గదిలో పెట్టి తలుపు మూస్తారు. ఒక్క మాట లేదు ఆ సీన్లో. స్క్రీన్‌ప్లేలో రచయిత్రి సుజాన్ కాలిన్స్ పేరు కూడా ఉంది, మర్చిపోకండి.

పేజీమడత
వండింది ఆవిడే అయినా ఉప్పు తక్కువైతే తక్కువే.

కంట్రోల్ రూమ్ వల్ల ఏం పోయిందో ఒక్క ఉదాహరణ ఇస్తాను. నీళ్లు. నవల్లో కాట్నిస్ నీళ్లు దొరక్క నాలుక పిడచకట్టి, పడిపోయే స్థితిలో ఉంటుంది. పైకి చూసి నీళ్లడుగుతుంది. ఒకప్పుడు ఈ ఆట గెలిచి ఇప్పుడు ఆమెకి గురువుగా ఉన్న హేమిచ్ దగ్గర స్పాన్సర్ల డబ్బుంది, ఒక్క సీసా పంపొచ్చు. పంపడు. మొదట అతని మీద కసి. తర్వాత ఆలోచిస్తుంది. ఇతను పంపట్లేదంటే నీళ్లు నాకు దగ్గరలోనే ఉన్నాయన్నమాట. ఇంకాస్త పాకుతుంది, బురద తగులుతుంది, తర్వాత మడుగు. ఏమీ రాకపోవడమే ఉత్తరం. గుహలో సూపు వచ్చినప్పుడూ అంతే. తన జిల్లా నుంచే వచ్చిన అబ్బాయి పీటాకి ముద్దు పెట్టగానే వచ్చింది, అంటే ముద్దుకో గిన్నె సూపు, రేటు ఇదీ అని తనే లెక్క కడుతుంది. సినిమాలో ఏం చేశారు? సూపుతో పాటు "దీన్ని ముద్దంటారా" అని చీటీ రాసి పంపారు. మొత్తం పుస్తకంలో ఆ పిల్ల బతికింది ఊహించడం వల్ల. మీరు ఊహించే పనే లేకుండా చేశారు.

రీలు నంబర్ 6
"మీరు" ఏంటండీ, నేను తీశానా సినిమా?

ఆ నీళ్ల సీన్ తెర మీద ఎలా చూపిస్తారో మీరే చెప్పండి. పిల్ల పైకి చూస్తుంది. ఏమీ రాదు. కిందకి చూస్తుంది. హాల్లో సగం మందికి ఏం జరిగిందో తెలీదు.

పేజీమడత
సగం మందికి తెలిస్తే చాలు.

రీలు నంబర్ 6
చాలదు. తీయడానికే దాదాపు 8 కోట్ల డాలర్లయింది.

అరుగు అబ్బాయి
అసలు ద్రోహం మూడో పుస్తకాన్ని రెండుగా కోయడం, దాని గురించి మాట్లాడండి. ఒకే కథకి రెండు టికెట్లు కొన్నా. మొదటి భాగం లైట్లు వెలిగితే ఇంటర్వెల్ అనుకుని పాప్‌కార్న్‌కి లేచా.

రీలు నంబర్ 6
అక్కడ నేను వెనకేసుకురాను. 123 నిమిషాలు, 137 నిమిషాలు, కలిపి 260. మూడు పుస్తకాల్లోనూ మూడేసి భాగాలు, భాగానికి తొమ్మిది అధ్యాయాలు. కోస్తే 9 దగ్గరో 18 దగ్గరో కోయాలి, రచయిత్రి అక్కడే కీలు పెట్టింది. వీళ్లు పీటా కాట్నిస్ గొంతు పట్టుకునే చోట కోశారు, అది 12వ అధ్యాయం చివర. షాక్ దొరికింది. కానీ మొదటి భాగమంతా నేలమాళిగలో ప్రచార వీడియోలు తీయడమే మిగిలింది. రెండో సినిమా సుమారు 86 కోట్ల డాలర్లు తెచ్చింది, తర్వాత 75, ఆ తర్వాత 65. అలా కోసినందుకు చింతిస్తున్నానని లారెన్సే 2023లో చెప్పాడు.

వీళ్లని చూసి వాత పెట్టుకుంది డైవర్జెంట్ అనే ఇంకో సిరీస్. దాని మూడో పుస్తకాన్నీ రెండుగా కోశారు. 2016లో మొదటి ముక్క సుమారు 18 కోట్లతో చతికిలపడింది, అంతకు ముందువి రెండూ 29 కోట్ల చుట్టుపక్కల తెచ్చినవి. రెండో ముక్క తీయనే లేదు. పుస్తకంలో హీరోయిన్ ట్రిస్ చనిపోతుంది. సినిమాల్లో ఆ అమ్మాయి ఇప్పటికీ బతికే ఉంది, పాపం.

కాంపస్ కాకి
మేజ్ రన్నర్ వాళ్లు నయం. మూడు పుస్తకాలు, మూడు సినిమాలు, హీరోకి దెబ్బ తగిలి మూడోది 2018 దాకా ఆలస్యమైనా కోయలేదు.

అరుగు అబ్బాయి
మన బాహుబలినీ కోశారుగా, ఎవడూ ఏమీ అనలేదు!

రీలు నంబర్ 6
అది కోయలేదు, రెండుగానే రాశారు. ప్రశ్న అడిగి ఆపారు, జవాబు రెండేళ్ల తర్వాత చెప్పారు. ఇక్కడ ప్రశ్నే లేదు.

చింతపిక్క
మ్యాడ్జ్ ఉంటే ఇవన్నీ వచ్చేవి కాదు.

పేజీమడత
మళ్లీ మొదటి సినిమాకి వస్తాను, ఎందుకంటే తేలనిది అక్కడే. కాట్నిస్‌తో జట్టుకట్టిన 11వ జిల్లా చిన్నపిల్ల రూ చనిపోయాక ఏం జరుగుతుంది? నవల్లో కాట్నిస్‌కి పారాచూట్ మీద ఒక రొట్టె వస్తుంది. 11వ జిల్లా రొట్టె, అర్ధచంద్రాకారం, పైన గింజలు. వాళ్లది పంటలు పండించే జిల్లా, తినడానికి మాత్రం లేని జిల్లా. ఆట ముదిరేకొద్దీ బహుమతుల ధర పెరుగుతుంది, మొదటి రోజు భోజనం వచ్చే డబ్బుకి పన్నెండో రోజు బిస్కెట్ కూడా రాదు. అలాంటప్పుడు ఊరంతా చందాలేసుకుని తమ పిల్ల కోసం కొన్నది, ఆ పిల్ల పోయాక పరాయి జిల్లా పిల్లకి పంపారు. అంతకు ముందు ఏ జిల్లా అలా చేయలేదు. సినిమాలో రొట్టె లేదు. దాని బదులు 11వ జిల్లాలో అల్లర్లు. రూ తండ్రి సైనికుడి మీద పడతాడు, ధాన్యం నేలపాలవుతుంది, నీళ్ల గొట్టాలతో కొడతారు. రొట్టె పంపిన జనాన్ని ధాన్యం ఒలకబోసే జనంగా మార్చారు. దీన్ని మీరు మెరుగుపరచడం అంటారా?

రీలు నంబర్ 6
అంటాను. ఆ అల్లర్ల వల్లే పైవాళ్లకి భయం పుడుతుంది, ఆ భయాన్ని పట్టుకునే హేమిచ్ వెళ్లి సెనెకాకి ప్రేమకథ అమ్ముతాడు, అందుకే ఒకే జిల్లా ఇద్దరూ గెలవొచ్చని రూలు మారుతుంది. నవల్లో రూలు ఎందుకు మారిందో కాట్నిస్ ఊహే తప్ప మనకెవరూ చూపించరు. ఆకాశం నుంచి ప్రకటన ఊడిపడుతుంది. సినిమా కారణం ఇచ్చింది.

పేజీమడత
కారణం తెలియకపోవడమే అరీనా అండీ! ఆ పిల్లలకి రూల్ ఎందుకు మారిందో తెలీదు, మళ్లీ ఎందుకు వెనక్కి తీసుకున్నారో తెలీదు. మీరు గేమ్ మేకర్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, అక్కడి నుంచి బాగా కనిపిస్తోందంటున్నారు.

రీలు నంబర్ 6
ఇది పర్సనల్‌గా వెళ్తోంది. సినిమా చూడటం తెలియనివాళ్లతో సినిమా గురించి మాట్లాడటం నాదే తప్పు.

పేజీమడత
ఆకలంటే తెలియనివాళ్లతో ఈ పుస్తకం గురించి మాట్లాడటం నాది.

మోడరేటర్
ఇద్దరూ నీళ్లు తాగండి. తర్వాతి కామెంట్ మనుషుల మీద ఉంటే తీసేస్తాను.

రీలు నంబర్ 6
సరే. చల్లారాను. ఇప్పుడు నాకు ఒకటి అర్థమైంది, చెప్తాను. మీకు ఇది ఆకలి కథ. నాకు ఇది టీవీ కథ. అందుకే చీటీల దగ్గర, రొట్టె దగ్గర, సూపు దగ్గర ప్రతిచోటా కొట్టుకుంటున్నాం. కాలిన్స్‌కి ఈ ఆలోచన వచ్చిందే చానెళ్లు తిప్పుతుంటే. ఒకదాంట్లో రియాలిటీ షో, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం, రెండూ కలగలిసిపోయాయని ఆవిడే చెప్పింది. కాబట్టి కెమెరా వెనకాల ఎవరున్నారో చూపించడం కథలో లేనిది కలపడం కాదు.

పేజీమడత
పానెమ్ అంటే లాటిన్‌లో రొట్టె. దేశానికి ఆ పేరే పెట్టింది ఆవిడ.

రీలు నంబర్ 6
రోమన్ల ఆ మాట పూర్తిగా "రొట్టె, ఆటలు". మూడో పుస్తకంలో ప్లూటార్క్ అనే పాత్ర విప్పి మరీ చెప్తాడు. సగమే చదివి వదిలేస్తారేం?

పేజీమడత
అందులో రొట్టె, ఆటలు రెండూ ఇచ్చింది రాజధాని కాపిటల్ వాళ్లకి. జిల్లాలకి రొట్టె కావాలంటే చీటీ వేయాలి. ఆ తేడా మీ 142 నిమిషాల్లో ఎక్కడుంది?

రీలు నంబర్ 6
...ఇది మంచి పాయింటు. సినిమాలో ఆ తేడా పలచబడిందని ఒప్పుకుంటాను. కానీ కంట్రోల్ రూమ్ వదులుకోను.

పేజీమడత
ఉంచుకోండి. పళ్ల గిన్నె సీన్ బాగుంది, అది నేనూ కాదనను.

కాంపస్ కాకి
పీటా కాలు మాట కూడా చెప్పండి. నవల్లో రక్తం ఆపడానికి ఆమె కట్టిన కట్టే ప్రాణం నిలిపింది, ఆ కట్టు వల్లే కాలు పోయింది. సినిమాలో వాడు హాయిగా నడుచుకుంటూ ఇంటికెళ్లాడు.

చింతపిక్క
అయిందా మీ ఇద్దరిదీ? ఇప్పుడు నా మాట వినండి, నాలుగు రోజులుగా అడుగుతున్నా. కాట్నిస్ అరీనాలో పెట్టుకునే పక్షి బొమ్మ పిన్ను ఉంది కదా, నవల్లో దాన్ని ఆమెకి ఇచ్చింది మ్యాడ్జ్. అది మ్యాడ్జ్ పిన్ని మేసిలీది. మేసిలీ 50వ ఆటల్లో హేమిచ్‌తో కలిసి వెళ్లి చనిపోయింది. అంటే 74వ ఆటల్లో కాట్నిస్ గుండె మీద ఉన్నది హేమిచ్ ఎదుటే పోయిన పిల్ల పిన్ను. సినిమాలో మ్యాడ్జ్‌ని లేపేసి, ఆ పిన్నుని దొంగ బజార్లో గ్రీసీ సే అనే ముసలావిడ బల్ల మీద పడేశారు. అక్కడ కాట్నిస్‌కి దొరుకుతుంది. చిన్న సర్దుబాటే కదా అన్నారంతా.

2025లో వచ్చిన "సన్‌రైజ్ ఆన్ ద రీపింగ్" నవల ఆ 50వ ఆటల కథే. మేసిలీ అందులో ముఖ్య పాత్ర. దాన్నీ సినిమాగా తీస్తున్నారు. రీలు గారూ, మీకు కారణాలంటే ఇష్టం కదా. మేసిలీ పిన్ను ఆ ముసలావిడ బల్ల మీదకి ఎలా వచ్చిందో చెప్పండి.

రీలు నంబర్ 6
ఎవరో అమ్ముకుని ఉంటారు.

చింతపిక్క
మేయర్ ఇంటివాళ్లా? తిండి లేకా?

పేజీమడత
😂