సమస్య: "వారు లేరు గాని వారె వీరు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

వారు లేరు గాని వారె వీరు

నిబంధన ఒక్కటే. పూరణ 'యెస్' అనే బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ బృందం మీద ఉండాలి. పోయిన వారం కామెంట్లలో ఇద్దరు సభ్యులు ఈ బృందం గురించి రాత్రి రెండింటి దాకా కొట్టుకున్నారు. ఒకరు "యెస్ చచ్చిపోయింది" అంటారు, ఇంకొకరు "బతికే ఉంది, టికెట్టు కొన్నాను" అంటారు. ఆ గొడవేదో పద్యాల్లో పడండి.

తెలియనివాళ్ళకు కాస్త: 1968లో లండన్‌లో పుట్టింది. మొదటి ఐదుగురు జాన్ ఆండర్సన్ (గొంతు), క్రిస్ స్క్వైర్ (బేస్ గిటార్), పీటర్ బ్యాంక్స్ (గిటార్), టోనీ కే (కీబోర్డు), బిల్ బ్రూఫర్డ్ (డ్రమ్స్). ఇప్పుడు ఆ పేరుతో వాయిస్తున్నవాళ్ళు స్టీవ్ హోవ్, జెఫ్ డౌన్స్, జాన్ డేవిసన్, బిల్లీ షెర్వుడ్, జే షెల్లెన్. రెండు జాబితాల్లోనూ ఉన్న పేరు ఒక్కటీ లేదు. సమస్య అక్కడే ఉంది.

ప్రాసయతి చెల్లుతుంది. పేర్లను అజంతాలు (అచ్చుతో ముగిసేవి) చేసుకోండి, సరళాదేశాలు (క-గ లాంటి సంధి మార్పులు) అడగను. గణం, యతి, విసంధి (సంధి కలపాల్సిన చోట కలపకపోవడం) మాత్రం వదలను.

పాత క్యాసెట్:
బోణీ నాదే.

అట్టమీద హోవు, ఆడియో బ్యాంక్సుది
కొన్నవాడు చూసె కొత్త మొగము
విన్నవాడు వినెను వెనుకటి వేళ్ళనే
వారు లేరు గాని వారె వీరు

సంగతి ఏమిటంటే, 1970లో రెండో ఆల్బమ్ 'టైమ్ అండ్ ఎ వర్డ్'లో గిటార్ వాయించింది బ్యాంక్స్. అది బయటికొచ్చే లోపే ఆయన్ని తీసేసి హోవ్‌ను తెచ్చుకున్నారు. అమెరికాలో అమ్మిన అట్ట మీద హోవ్ ఉన్న ఫొటో వేశారు! రికార్డు లోపల ఆయన వాయించిన స్వరం ఒక్కటీ లేదు.

గుంటూరు మాస్టారు:
విషయం బంగారం, ఎత్తుగడలోనే విసంధి. "హోవు" తర్వాత "ఆడియో" వస్తే ఉత్వసంధి నిత్యం, "హోవాడియో" అయి కూర్చుంటుంది. కామా పెట్టినంత మాత్రాన వ్యాకరణం ఊరుకోదు. ఇలా చూడండి:

అట్టమీద హోవె యందులో బ్యాంక్సురా

మూడో పాదం నాకు బాగా నచ్చింది. "వెనుకటి వేళ్ళు" అన్నారు చూడండి, అక్కడ పద్యం నిలబడింది.

పాత క్యాసెట్:
సవరించుకున్నాను మాస్టారూ. ఇంకో మాట. ఈ బృందానికి 'యెస్' అని పేరు సూచించింది కూడా ఆ బ్యాంక్సే. చిన్న పేరైతే పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో పడుతుందని ఆయన లెక్క. పేరు పెట్టినవాణ్ణే ముందు పంపించారు. 2013లో పోయాడు. 2017లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో బృందంలోని ఎనిమిది మందికి చోటిచ్చారు, ఆ ఎనిమిదిలోనూ ఆయన లేడు.

హార్మోనియం అక్కయ్య:
నాది 2008 కథ.

నకలు పాడువాడె నాయకుడైపోయె
యసలు గొంతు దగ్గి యలసినంత
తెరను చూసి పిలిచె తీగల సామియే
వారు లేరు గాని వారె వీరు

ఆండర్సన్‌కు ఊపిరి జబ్బు చేసి టూరు ఆగిపోయింది. యెస్ పాటలనే అచ్చుగుద్దినట్టు పాడే కెనడా ట్రిబ్యూట్ బ్యాండ్ ఒకటుంది. అందులో పాడే బెన్వా డేవిడ్‌ను స్క్వైర్ యూట్యూబులో చూసి పిలిపించాడు. తర్వాత ఆ డేవిడ్‌కీ ఊపిరితిత్తుల బాధే వచ్చింది. 2012లో జాన్ డేవిసన్ వచ్చాడు. ఈయనా ఒక యెస్ ట్రిబ్యూట్ బ్యాండులో పాడినవాడే.

గుంటూరు మాస్టారు:
అక్కయ్యా, గణాలూ యతీ శుద్ధం. కానీ యతి కోసం గాయకుణ్ణి నాయకుణ్ణి చేశారు. నాయకుడు స్క్వైర్ కదా, పిలిచింది ఆయనే కదా! "కాపి పాటగాడె గాయకుడైపోయె" అంటే క-గ యతి కుదురుతుంది, అర్థమూ నిలుస్తుంది.

హార్మోనియం అక్కయ్య:
నిలుస్తుంది గానీ నకలుకు కింద అసలు జోడీ పోతుందండీ. ఆ జోడీ కోసమే రాశాను ఈ పద్యం. లీడ్ సింగర్ అంటే నాయకుడేలే అని సరిపెట్టుకోండి.

నిర్వాహకుడు:
జోడీకే నా ఓటు. "తీగల సామి" కూడా బాగుంది, బేస్ వాయించేవాడికి మన భాషలో అంతకన్నా మంచి బిరుదు దొరకదు.

నాలుగు తీగలు:
పోయిన వారం "చచ్చిపోయింది" అన్నది నేనే. ఇప్పుడూ అదే అంటున్నాను, కాకపోతే లాయరు చేత చెప్పిస్తున్నాను.

నలుగురున్నవైపు నామమ్ము లేదాయె
పేరు గలుగువైపు పెద్ద లేడు
లాయరొకడు తేల్చె లక్షణంబిట్లుగా
వారు లేరు గాని వారె వీరు

1989 నాటి ముచ్చట. ఆండర్సన్, బ్రూఫర్డ్, వేక్‌మన్ (కీబోర్డు), హోవ్ కలిసి ఆల్బమ్ చేశారు. 1972లో 'క్లోజ్ టు ది ఎడ్జ్' చేసిన ఐదుగురిలో నలుగురు అక్కడున్నారు. అయినా యెస్ అని పెట్టుకోవడానికి లేదు, పేరు స్క్వైర్ వైపు ఉంది. నాలుగు ఇంటిపేర్లు వరసగా పేర్చి అట్ట మీద వేసుకున్నారు, ఆడిటర్ ఆఫీసు బోర్డులాగా.

డల్లస్ బావ:
అన్నా, తీర్పు చెప్పిన ఆ లాయరెవరు? నాకు తెలిసి లాయర్ల దాకా పోయింది గానీ చివరికి రాజీ పడ్డారు.

నాలుగు తీగలు:
లాయరు కవి కల్పన బావా. రాజీ మాత్రం నిజం. 1991లో రెండు జట్లనీ కలిపి 'యూనియన్' అన్నారు. తిరిగే గుండ్రటి వేదిక మీద ఎనిమిది మంది! ఇద్దరు గిటార్లు, ఇద్దరు కీబోర్డులు, ఇద్దరు డ్రమ్స్, ఆండర్సన్ గొంతు. బేస్ మాత్రం ఒక్కడే. ఆ ఒక్కడికీ జోడీ పెట్టాలని ఎవరికీ తోచలేదు చూడండి, నా వాదన అంతా అదే. ఆల్బమ్ సంగతికొస్తే, వేక్‌మన్ దాన్ని 'ఆనియన్' అంటాడు, విన్నప్పుడల్లా కళ్ళనీళ్ళు వస్తాయట.

గుంటూరు మాస్టారు:
రెండో పాదం సామెతలా ఉంది. "పేరు గలుగువైపు పెద్ద లేడు", ఇది మా ఊరి ఉమ్మడి ఆస్తి తగాదాలన్నిటికీ అతుకుతుంది.

డల్లస్ బావ:
నేను పద్యం రాయడం ఇదే మొదలు, తిట్టకండి.

ముప్పై ఏళ్ళ పాత ముద్దుల క్యాసెట్టు
తీసి విన్న చెవికి తేడ తెలిసె
కొత్త వాళ్ళ పాట కొట్టింది గుండెను
వారు లేరు గాని వారె వీరు

టికెట్టు కొన్నది నేనే. ఆ మధ్య ఇక్కడ కచేరీకి వెళ్ళాను. పక్క సీట్లో డెబ్బై ఏళ్ళ తెల్లాయన, వాళ్ళావిడ. 'రౌండబౌట్' మొదట్లో గిటార్ మీద ఆ ఒంటరి స్వరం మోగగానే ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పాటయ్యేదాకా తెరవలేదు. వేదిక మీద ఎవరున్నారో ఆయనకు అక్కర్లేదు.

నిర్వాహకుడు:
బావా, మొదటి అడుగులోనే జారారు. "ముప్పై" రెండు గురువులు. సూర్యగణం కావాలంటే హగణమో నగణమో ఉండాలి, గగ పనికిరాదు. పైగా "ముప్పై ఏళ్ళ" విసంధి. "ముప్పదేళ్ళ నాటి ముద్దుల క్యాసెట్టు" అనండి, రెండూ ఒక్క దెబ్బతో తీరతాయి. మిగతా మూడు పాదాల్లో వంక లేదు. మొదటి పద్యానికి ఇది చాలా ఎక్కువ.

నాలుగు తీగలు:
పద్యం బాగుంది, వాదన బాగాలేదు. కళ్ళు మూసుకుని వింటే క్యాసెట్టు చాలు కదా బావా, టికెట్టెందుకు?

డల్లస్ బావ:
క్యాసెట్టు పెట్టుకుంటే పక్కన ఆ పెద్దాయన ఉండడు అన్నా.

హార్మోనియం అక్కయ్య:
మా సురభి నాటకాలు 1885 నుంచి ఆడుతున్నారు. శశిరేఖలూ ఘటోత్కచులూ ఎన్ని తరాలు మారలేదు? అది సురభి కాదని ఎవరన్నా అన్నారా?

నాలుగు తీగలు:
అక్కయ్యా, సురభి అంటే రక్తసంబంధం. కూతురు తల్లి వేషం కడుతుంది. ఇక్కడ ప్రకటన చూసి వచ్చినట్టు వస్తున్నారు.

గుంటూరు మాస్టారు:
వాదన ఆపి ఒక విషయం వినండి. నిన్న రాత్రి దీని గురించి చదువుతుంటే మన చుట్టం తగిలింది. 1972లో బ్రూఫర్డ్ యెస్‌ను వదిలి కింగ్ క్రిమ్సన్‌కు పోయాడు. మరుసటి ఏడు ఆయన పెళ్ళి విందులో, క్రిమ్సన్‌లో తాళవాద్యాలు వాయించిన జేమీ మ్యూర్ ద్వారా ఆండర్సన్‌కు పరమహంస యోగానంద ఆత్మకథ సంగతి తెలిసింది. అందులో ఒక పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని నాలుగు రకాల శాస్త్రాల మీద ఒక వివరణ ఉంది. ఆ కాసిని పంక్తుల మీద నాలుగు పాటలు, రెండు రికార్డులు, ఎనభై నిమిషాల సంగీతం కట్టారు. వదిలిపోయినవాడి పెళ్ళిలో దొరికిన పుస్తకం! ఫుట్‌నోట్ చదివేవాళ్ళంటే నాకు గౌరవం.

పాత క్యాసెట్:
ఆ ఎనభై నిమిషాలే వేక్‌మన్ కొంప ముంచాయి మాస్టారూ. ఆయనకు ఆ ఆల్బమ్ సాగదీతగా అనిపించేది. మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో కచేరీ జరుగుతుంటే, కీబోర్డు కింద కూర్చునే సహాయకుడు "తర్వాత ఏం తింటావు" అన్నాడట. ఈయన చికెన్ విందాలూ, పులావ్, అప్పడాలు, బెండకాయ వేపుడు అంటూ పెద్ద జాబితా చెప్పాడు. కచేరీ అయ్యాక తిందామని ఈయన ఉద్దేశం. వాడు అప్పటికప్పుడు తెప్పించి ఒక్కో పొట్లం కింద నుంచి అందించాడు. కీబోర్డుల మీద పెట్టుకుని అక్కడే తిన్నానని వేక్‌మన్ చాలాసార్లు చెప్పుకున్నాడు. 1974లో బృందం వదిలేశాడు. 1977 ఆల్బమ్ నాటికి మళ్ళీ వచ్చాడనుకోండి.

హార్మోనియం అక్కయ్య:
శ్రుతి స్మృతుల మధ్యలో బెండకాయ వేపుడు! ఇంతకన్నా భారతీయత ఎక్కడుంది?

ఎత్తుగీతి:
ఆలస్యానికి మన్నించాలి. ఆటవెలది సమస్యను ఎత్తుగీతిగా పెట్టి సీసం కట్టాను. ఒక్కో పాదానికి ఒక్కో వాద్యం. హార్న్, రాబిన్, మొరాజ్ మధ్యలో వచ్చిపోయినవాళ్ళు.

సీ. గొంతుక జానుది, కొన్నాళ్ళు హార్నుది
వెనుకను డేవిడ్డు, వేరు జాను
తంత్రులు బ్యాంక్సువి, తదుపరి హోవువి
రాబిను తరువాత రాజు హోవె
మెట్లపై కేగారు, మీదట వేక్మను
మధ్యలో మోరాజు, మరల వాడె
దరువులు బ్రూఫర్డు దాటిపోగా వైటు
మూడునాళ్ళను నేర్చి ముగియువరకు

ఆ. బేసు స్క్వైరు నిలిచె పెనుమర్రి తీరున
మాను కూలిపోయె మన్ను బాసి
చెట్టు పేరు చెప్పి చిగురించె నూడలే
వారు లేరు గాని వారె వీరు

గుంటూరు మాస్టారు:
లేచి నిలబడి చదివాను. మొరాజ్‌ను గణం కోసం "మోరాజు" అని సాగదీశారు, పోనివ్వండి, పేర్లకు మినహాయింపు ఉంది. ఆ "కేగారు" చూసి నవ్వాపుకోలేకపోయాను. ఇంతమందిలో ఒక్క కేకే మర్యాద దక్కింది!

ఎత్తుగీతి:
తగణం కావాల్సొచ్చింది మాస్టారూ, మర్యాద దానంతటదే వచ్చింది. నిజానికి ఆయన దానికి తగినవాడే. మూగ్, మెలోట్రాన్ లాంటి కొత్త వాద్యాలు వద్దు, నా హామండ్ ఆర్గన్ నాకు చాలన్నందుకు 1971లో పోయాడు. 1983లో '90125' ఆల్బమ్‌కు పిలిస్తే మళ్ళీ వచ్చాడు.

డల్లస్ బావ:
"మూడునాళ్ళను నేర్చి" మా ఊరి సంగతే! బ్రూఫర్డ్ పోయాక అలన్ వైట్‌కు దొరికింది మూడు రోజులు. 1972 జులై 30న డల్లస్‌లో ఎక్కాడు వేదిక. 'క్లోజ్ టు ది ఎడ్జ్' ఒక్కటే పద్దెనిమిది నిమిషాలు, దాని లెక్కలు అందుకోవడానికే నాకు మూడేళ్ళు పట్టింది. అలా ఎక్కినవాడు 2022లో పోయేదాకా బృందంలోనే ఉన్నాడు. కానీ షెల్లెన్ పేరు రాలేదేం?

ఎత్తుగీతి:
సీసానికి నాలుగే పాదాలు బావా. డౌన్స్, షెర్వుడ్ కూడా బయటే నిలబడ్డారు. వాళ్ళే ఊడలు.

నాలుగు తీగలు:
"చెట్టు పేరు చెప్పి" దాకా వచ్చేసరికి "కాయలమ్ముకొనె" అంటారేమో అనుకుని చప్పట్లకు సిద్ధమయ్యాను. "చిగురించె" అని తప్పించుకున్నారు.

ఎత్తుగీతి:
తప్పించుకోలేదు. సామెత మీకు గుర్తొచ్చిందంటే ఆ తిట్టు చేరినట్టే. సగం తిట్టు, సగం దీవెన.

నాలుగు తీగలు:
సరే, ఒకటి ఒప్పుకుంటాను. 2015 జూన్ 27న స్క్వైర్ పోయాడు. అప్పటిదాకా వచ్చిన ప్రతి యెస్ స్టూడియో ఆల్బమ్‌లోనూ ఉన్నది ఆయనొక్కడే. తన చోటు షెర్వుడ్‌కిమ్మని ఆయనే చెప్పి పోయాడు. ఆ ఆగస్టులో మళ్ళీ కచేరీలు మొదలుపెట్టినప్పుడు ముందుగా ఎవరూ వాయించలేదు. ఆయన తెల్ల రికెన్‌బ్యాకర్ బేస్‌ను స్టాండు మీద నిలబెట్టి, దాని మీద ఒక్క లైటు వేసి, ఆయన రాసిన పాట రికార్డు వినిపించారు. ఆ వీడియో చూసినప్పుడు మాత్రం నేనూ "వారె వీరు" అనుకున్నాను. తర్వాత మనుషులు వచ్చి నిలబడేసరికి మళ్ళీ "వారు లేరు" దగ్గరికి వచ్చేశాను.

నిర్వాహకుడు:
ఈ వారం వీరతాడు ఎత్తుగీతి గారికి. మూడో పాదానికి విడిగా పాత క్యాసెట్‌కు ఒకటి, "పేరు గలుగువైపు పెద్ద లేడు"కు నాలుగు తీగలకు ఒకటి. బావకు ప్రోత్సాహక బహుమతి కింద సూర్యగణాల పట్టిక పంపిస్తున్నాను.

వచ్చే వారం సమస్య కూడా ఆటవెలది నాలుగో పాదమే. వేక్‌మన్ పేరెత్తిన పూరణలు చెల్లవు, మీ ఇంటి కథో మీ ఆఫీసు కథో చెప్పండి:

కూర తిన్నవాడు కొలువు విడిచె